పసికందు పచ్చబడితే పసరు కాదు, పరీక్ష కావాలి

కాన్పయిన రెండు మూడు రోజులకు బిడ్డ కళ్ళు, ముఖం పచ్చబడటం పల్లెల్లో కొత్త సంగతి కాదు. నెలలు నిండి పుట్టిన పదిమందిలో దాదాపు ఆరుగురికి, నిండకుండా పుట్టిన పదిమందిలో ఎనిమిదిమందికి యిలా అవుతుంది. అయితే దీనికీ, పెద్దవాళ్ళ జబ్బుకూ ‘పచ్చకామెర్లు’ అనే ఒకే పేరు వుండటంతో చిక్కు వచ్చిపడింది. పేరు ఒకటే గనుక మందూ ఒకటే అనుకుని, పెద్దలకు పోసే ఆకుపసరే పసికందు నోట్లో పోస్తున్నారు. కొన్నిచోట్ల వాతలు పెడుతున్నారు. తల్లి తిండే కారణమంటూ బాలింత చేత కటిక పత్యం చేయిస్తున్నారు.

అసలు కారణం వేరు. అప్పుడే పుట్టిన బిడ్డ ఒంట్లో ఎర్ర రక్తకణాలు త్వరగా విరుగుతాయి. వాటినుంచి పుట్టే ‘బిలిరుబిన్’ అనే పసుపు పదార్థాన్ని లేత కాలేయం వెంటనే బయటికి పంపలేదు. చాలామందిలో ఇది వారం, రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అంతవరకూ తల్లిపాలు మాటిమాటికీ పట్టాలి. పాలు తగ్గించి చక్కెర నీళ్ళు పట్టడం కీడు.

కాని ఆ పదార్థం మితిమీరితే మెదడుకు ఎక్కుతుంది. బిడ్డ చెవిటిదో, అవిటిదో కావచ్చు. ప్రాణమే పోవచ్చు. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరచేతులకు, అరికాళ్ళకు పసుపు పాకినా, పాలు తాగక మత్తుగా పడివున్నా, విరేచనం సున్నంలా తెల్లగా అయినా, రెండు వారాలకూ తగ్గకున్నా ఆలస్యం చేయరాదు.

ఎండలో పెడితే చాలదా అని కొందరు అడుగుతారు. వెలుతురుకు ఆ గుణం వున్నమాట నిజమే. 1950లలో ఇంగ్లండులో ఒక నర్సు దాన్ని గమనించిన తరువాతే దీపాల చికిత్స పుట్టింది. ఆసుపత్రిలోని నీలికాంతికి లెక్క వుంది, ఎండకు లేదు. ఎండ పేరుతో రోజులు గడిపితే అదను దాటిపోతుంది.

పసుపు ఎక్కువయ్యేది సాధారణంగా మూడు నుంచి అయిదు రోజుల మధ్య. అప్పటికి తల్లీబిడ్డలు యింటికి చేరివుంటారు. పురిటిగది చీకటిలో రంగు తెలియదు. తల్లి గమనించినా, మైల తీరందే గడప దాటరాదని పెద్దలు ఆపుతారు. తప్పు తల్లి అజ్ఞానానిదేనా? యింటిపెద్దలకూ, ఏమీ చెప్పకుండా పంపివేసే ఆసుపత్రులకూ అందులో వాటా లేదా?

రోజూ పగటి వెలుతురులో బిడ్డ నుదురు వేలితో నొక్కి చూడాలి. మూడో రోజున, ఏడో రోజున వచ్చే ఆశా కార్యకర్తకు చూపించాలి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో నవజాత శిశువుకు వైద్యం, రవాణా ఉచితం. తల్లి అనుమానపడిన రోజే అత్తమామలు, భర్త బండి కట్టించాలి. మైల పదిరోజుల్లో తీరుతుంది. మెదడుకు తగిలిన దెబ్బ జన్మంతా తీరదు.