బొగ్గు అమ్మేవాడే కరెంటూ అమ్మితే...

పరకాల నుంచి భూపాలపల్లి వెళ్లే దారిలో చెల్పూర్ దగ్గర పడుతుండగానే పొగగొట్టాలు కనిపిస్తాయి. అది కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. 500 మెగావాట్ల మొదటి యూనిట్ 2010లో, 600 మెగావాట్ల రెండోది 2016లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. ఇంకాస్త ముందుకెళితే భూపాలపల్లి సింగరేణి గనులు. ఒకరు తవ్వుతారు, ఇంకొకరు మండిస్తారు. చూడ్డానికి ఇంత సులువైన లెక్క ఇంకోటి ఉండదు. కానీ పెద్ద పెద్ద కంపెనీలు కోట్లు పోసి కన్సల్టెంట్లను పెట్టుకుని తేల్చుకోవాలని చూసే ప్రశ్న ఒకటి ఈ చిన్న ఊరి చుట్టూనే తిరుగుతోంది. సరుకు కొనుక్కోవడం మేలా, సొంతంగా తయారు చేసుకోవడం మేలా?

ముందు అమ్మేవాడి సంగతి. సింగరేణి మామూలు దుకాణం కాదు. ఇల్లెందు ప్రాంతంలో 1889 నుంచి బొగ్గు తీస్తున్న చరిత్ర దానిది. 1945లోనే నిజాం సర్కారు చేతికి వచ్చింది. అందుకే 1970ల్లో దేశంలోని బొగ్గు గనులన్నీ జాతీయమైనప్పుడు ఇది కోల్ ఇండియాలో కలవలేదు. ఇప్పుడు తెలంగాణ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. దక్షిణాదిలో బొగ్గంటే ఇదే. ఉత్తరాది నుంచి తెప్పించుకుందామంటే రైలు చార్జీలే తడిసి మోపెడవుతాయి.

హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ 1979లో ఒక వ్యాసం రాశాడు. పోటీ అంటే ఎదురు దుకాణంవాడు ఒక్కడే కాదు, మనకు సరుకిచ్చేవాడూ, మన దగ్గర కొనేవాడూ కూడా మన లాభంలో వాటా లాగుతూనే ఉంటారన్నది అందులోని సారాంశం. కొత్తగా రంగంలోకి దిగేవాళ్లు, మన సరుకుకు బదులు వాడే సరుకు కలిపితే మొత్తం ఐదు. ఎంబీయే పిల్లలు ఈ ఐదింటినీ ఎక్కాలు వల్లించినట్టు వల్లిస్తారు. చెల్పూర్‌కు వస్తే ఐదూ కళ్లెదుటే కనిపిస్తాయి.

సరుకు ఇచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు వాడు చెప్పిందే ధర. అంతటితో ఆగకుండా వాడే మన వ్యాపారంలోకి దిగితే? సింగరేణి సరిగ్గా అదే చేసింది. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం కట్టి 2016లో కరెంటు ఉత్పత్తి మొదలుపెట్టింది. చెల్పూర్ రెండో యూనిట్ పుట్టిన ఏడాదే ఇదీ పుట్టింది. నిన్నటిదాకా బొగ్గు అమ్మినవాడు ఇవాళ అదే డిస్కంలకు కరెంటు అమ్ముతూ జెన్కో పక్కనే కూర్చున్నాడు. బియ్యం వ్యాపారి హోటల్ పెట్టినట్టన్నమాట.

మరి జెన్కో ఊరుకుందా? అది అటువైపు అడుగేసింది. ఇదే జిల్లాలోని తాడిచర్ల బొగ్గు బ్లాకు చెల్పూర్ కేంద్రం కోసం దక్కింది. 2014లో సుప్రీంకోర్టు దేశవ్యాప్తంగా 214 బొగ్గు బ్లాకుల కేటాయింపులు రద్దు చేసింది. ఆ తర్వాత 2015లో తాడిచర్ల తెలంగాణ జెన్కోకు వచ్చింది. హోటల్‌వాడు నాలుగెకరాల్లో వరి వేసుకున్నాడు!

మొత్తం అవసరానికి సరిపడా కాకుండా కొంత సొంతంగా తీసుకుని మిగతాది బయట కొనే ఈ పద్ధతిని పోర్టర్ మెచ్చుకున్నాడు. కారణం తెలివైనదే. తనే తవ్వితే టన్నుకు అసలు ఖర్చెంతో తెలుస్తుంది. తెలిసినవాడికి బేరం దగ్గర గొంతు లేస్తుంది. మొత్తం చుట్టబెడితే ఏమవుతుందో హెన్రీ ఫోర్డు చూపించాడు. కారు కోసం బొగ్గు గనులు, ఇనుప గనులు, అడవులు, చివరికి బ్రెజిల్‌లో రబ్బరు తోట కూడా కొన్నాడు. ఆ తోట నిలువునా ముంచింది.

అయితే చెల్పూర్ కథలో ఒక మెలిక ఉంది. పోర్టర్ లెక్కలో అమ్మేవాడూ కొనేవాడూ వేర్వేరు ఇళ్లవాళ్లు. ఇక్కడ జెన్కో పూర్తిగా రాష్ట్రానిది, సింగరేణిలో పెద్ద వాటా రాష్ట్రానిది, కరెంటు కొనే డిస్కంలూ రాష్ట్రానివే. అన్న దగ్గర తమ్ముడు బియ్యం కొంటే బేరం ఎంతవరకు సాగుతుంది? బొగ్గు డబ్బు జెన్కో ఇవ్వాలి, జెన్కోకు డిస్కంలు ఇవ్వాలి, సింగరేణికీ డిస్కంలు ఇవ్వాలి. బకాయిలు వేల కోట్లకు చేరినా లారీలు ఆగవు. ఇంట్లోవాళ్ల పొయ్యి ఎవరు ఆర్పుతారు?

ఇంకోటి కూడా చూడాలి. విద్యుత్ కేంద్రానికి చెల్లించే ధరలో రెండు భాగాలుంటాయి. ఒకటి ప్లాంటు కట్టిన అప్పు, జీతాల వంటి స్థిర ఖర్చు. రెండోది ఇంధనం ఖర్చు. బొగ్గు ధర పెరిగితే నియంత్రణ కమిషన్ నిబంధనల మేరకు అది కరెంటు ధరలోకి చేరుతుంది. చివరకు ఇంటి బిల్లులో తేలుతుంది. తన జేబు నుంచి పోని డబ్బు కోసం ఎవరైనా ఎంత గట్టిగా బేరమాడతారు? సొంత గని ఉన్నా లేకున్నా అసలు బలహీనత ఇక్కడే ఉంది. ఈ ముక్క వ్యూహాల పుస్తకాల కంటే మన నెలవారీ బిల్లే బాగా చెబుతుంది.

అలాగని చెల్పూర్‌కు పోటీయే లేదనుకుంటే పొరపాటు. ఏ కేంద్రం కరెంటును ముందు తీసుకోవాలో ఇంధనం ఖర్చును బట్టి వరుస కడతారు. యూనిట్‌కు తక్కువ ఖర్చున్నవాడు ముందు, ఎక్కువున్నవాడు వెనక. డిమాండు తగ్గితే వెనకవాడికి మొదట కోత. ఈ వరుసలో చెల్పూర్, జైపూర్, కొత్తగూడెం అన్నీ ఒకదానితో ఒకటి తలపడతాయి. గనికి దగ్గరగా ఉండటం చెల్పూర్ బలం. భూపాలపల్లికి రైలు మార్గం లేక టిప్పర్ల మీద ఆధారపడటం బలహీనత. నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గరి 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రానిది ఇందుకు తలకిందుల పరిస్థితి. రైలు పక్కనే, బొగ్గు మాత్రం దూరం.

కొత్తవాళ్ల రాక కూడా మొదలైంది. 2020 నుంచి బొగ్గు గనులను వాణిజ్య అవసరాలకు వేలం వేస్తున్నారు. తమ ప్రాంతంలోని బ్లాకులు వేలంలోకి పోవడాన్ని నిరసిస్తూ 2021 డిసెంబరులో సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. కంపెనీ కూడా ఇంటి దగ్గరే కూర్చోలేదు. ఒడిశాలోని నైనీ గనిలో 2025 ఏప్రిల్‌లో ఉత్పత్తి ప్రారంభించింది. వందేళ్లు దాటిన కంపెనీ మొదటిసారి గోదావరి లోయ విడిచి బొగ్గు తవ్వడం మామూలు మార్పు కాదు.

ఇక బదులు సరుకు. అది మధ్యాహ్నం పూట నెత్తిమీదే ఉంటుంది. సౌర విద్యుత్తుకు బొగ్గు ఖర్చు లేదు కాబట్టి ఎండ బాగా కాసే గంటల్లో థర్మల్ యూనిట్లు తగ్గి దారివ్వాల్సిందే, సాయంత్రం ఇళ్లలో లైట్లు వెలిగే వేళకు మళ్లీ పైకి లేవాల్సిందే. బొగ్గు యూనిట్లు దశలవారీగా 40 శాతం లోడు దాకా తగ్గగలిగేలా మారాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నిబంధనలు పెట్టింది. రోజంతా ఒకే తీరున మండటానికి అలవాటుపడ్డ బాయిలర్‌ను రోజూ తగ్గించి పెంచితే గొట్టాలు త్వరగా అలసిపోతాయి, మరమ్మతులు పెరుగుతాయి, యూనిట్‌కు బొగ్గు కూడా కాస్త ఎక్కువే పడుతుంది. చెల్పూర్‌లోని రెండు యూనిట్లూ ఆ నిబంధనలు రాకముందు కట్టినవే.