తిరిగొచ్చిన ఆడదాన్ని నిలదీసే హక్కు ఎవరిది?

ఈసారి త్యాగరాజ ఆరాధనకు వత్సవాయి నుంచి ఆరుగురం ఆడవాళ్ళం తిరువయ్యారు వెళ్ళాం. నెలనెలా దాచుకున్న డబ్బుతో వ్యాను మాట్లాడుకున్నాం. పుష్య బహుళ పంచమి నాడు కావేరి ఒడ్డున వందల గొంతుల్లో గొంతు కలిపి పంచరత్న కీర్తనలు పాడాం. తిరుగు ప్రయాణం 800 కిలోమీటర్లకు పైనే. దారిలో ఒక బస్టాండులో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. ఓర్చుకున్నాం. విజయవాడ, నందిగామ దాటి, జగ్గయ్యపేట దగ్గర హైవే వదిలి ఊళ్ళోకి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట.

అసలు కష్టం ఇంటి గుమ్మంలో మొదలైంది. ఏం పాడారని ఒక్కరూ అడగలేదు. ఇంత రాత్రిదాకా ఎక్కడ తిరిగారని అడిగారు. మాలో ఒకామె అరగంట వాకిట్లో నిలబడితే గానీ తలుపు తియ్యలేదు. ఇంకొకామెకు నాలుగు రోజుల అంట్లు ఎదురొచ్చాయి.

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళ నుంచి మగవాళ్ళు తెల్లవారుజామున వస్తారు. వాళ్ళకు వేణ్ణీళ్ళు కాచేది మేమే. వాళ్ళది భక్తి, మాది తిరుగుడా?

మేము పాడిన ఆ చోటుకే ఒక చరిత్ర ఉంది. ఆ సమాధి మందిరాన్ని సొంత ఆస్తి ధారపోసి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసి కుటుంబంలో పుట్టిన మనిషి. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను 1910లో అచ్చువేయించి నిందలు మోసిందీ ఆమే. 1925లో మందిరం పూర్తయినా, ఉత్సవం నడిపే మగ పెద్దలు అక్కడ స్త్రీలను పాడనివ్వలేదు. ఆమె ఊరుకోలేదు. 1927లో స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపింది. 1940ల మొదట్లో గానీ వర్గాలన్నీ ఏకమై స్త్రీలకు చోటు దొరకలేదు. గుడి తలుపు ఆమె తెరిపించింది. ఇంటి తలుపు తెరిపించవలసింది మనం.

కాలం మారింది, ఉచిత బస్సు వచ్చిందిగా అంటారు. నిజమే. తెలంగాణలో 2023 డిసెంబరులో, మన రాష్ట్రంలో 2025 ఆగస్టులో వచ్చింది. మంచిదే. కానీ టికెట్టు అక్కర్లేకపోవడం వేరు, అనుమతి అక్కర్లేకపోవడం వేరు.

మీ క్షేమం కోసమే అడుగుతున్నాం అంటారు. క్షేమం కోసమైతే వీధి దీపం వెలగలేదేమని పంచాయతీని అడగండి. మరుగుదొడ్డికి తాళం ఎందుకని బస్టాండులో అడగండి. వాళ్ళనెవరినీ అడగని నోరు మా మీదే ఎందుకు లేస్తుంది?

అక్కలారా, మనలో మనం కూడా ఒక మాట అనుకోవాలి. సాయంత్రం అయిదు కాగానే "ఆడవాళ్ళు ఇళ్ళకు పోవాలి" అంటూ మన సంఘాల సమావేశాలనూ మనమే ముగిస్తున్నాం. ఆ గడియారం ఎవరిది?

వచ్చే ఏడూ వెళతాం. ఈసారి ఆరుగురం కాదు, వ్యాను నిండా. వచ్చేది రాత్రి ఒంటిగంటకైనా సరే, సంజాయిషీ చెప్పం. వినేవాళ్ళుంటే పాట వినిపిస్తాం.