కోడ్ చదివే హక్కు బండి కొన్నవాడిది

స్పార్క్ ప్లగ్ మార్చడం మోటార్‌సైకిల్ మీద చేసే పనుల్లో చాలా చిన్నది. పానా చేతిలో ఉంటే పావుగంట పట్టదు. అయినా ఆ పావుగంట తర్వాత మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగి ఆరకపోతే బండివాడికి చెమటలు పడతాయి. రాయ్‌పూర్ టాటీబంధ్ వైపు మెకానిక్ షెడ్డులో ఉన్న మిస్త్రీకి ఇంజిన్ విప్పి బిగించడం కొట్టిన పిండే. కానీ ఆ లైటు వెనకున్న కోడ్ చదివే సాధనం, దాని అర్థం చెప్పే పుస్తకం చాలాసార్లు కంపెనీ సర్వీస్ సెంటర్ గోడలు దాటి రావు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చినప్పటి నుంచి, తన లోపాన్ని తానే కనిపెట్టి గుర్తుంచుకునే ఏర్పాటు ద్విచక్ర వాహనాల్లోనూ తప్పనిసరి అయింది. ఆ ఏర్పాటుకు డబ్బు కట్టింది కొనుక్కున్నవాడే. కాబట్టి అందులో నమోదయిన సమాచారం అతనికీ, అతను నమ్మి బండి అప్పగించిన మెకానిక్‌కీ అందాలి.

కోడ్ అందితే సరిపోతుందా అంటే, దాన్ని ఎలా చదవాలో కూడా తెలియాలి. పి0301 అని వస్తే ఒకటో సిలిండర్‌లో మంట సరిగా అంటుకోవడం లేదని అర్థం. ఏ భాగం పాడైందో అది చెప్పదు. పి0351 అయితే ఇగ్నిషన్ కాయిల్ సర్క్యూట్‌ను చూపిస్తుంది తప్ప కాయిల్ కాలిపోయిందని తీర్పు ఇవ్వదు. ప్లగ్ మార్చిన వెంటనే లైటు వెలిగితే ముందు అనుమానించాల్సింది ఆ పనిలో చెయ్యి తగిలిన వాటినే. ప్లగ్ క్యాప్ పూర్తిగా దిగిందా, కాయిల్ కప్లర్ గట్టిగా కూర్చుందా, ట్యాంకు ఎత్తినప్పుడు ఏదైనా పైపో సెన్సర్ కప్లరో ఊడిందా అన్నది చూడాలి. కప్లర్ విప్పి ఉండగా తాళం ఆన్ చేసినా కోడ్ నమోదవుతుంది. ఆ తర్వాత ప్లగ్ మీది నంబరు చూడాలి. ఎన్‌జీకే సీపీఆర్8ఈఏ-9 అనే ప్లగ్‌లో ‘ఆర్’ అంటే లోపల రెసిస్టర్ ఉందని, 8 అంటే వేడిని తట్టుకునే స్థాయి అని, చివరి 9 అంటే కొనల మధ్య సందు 0.9 మిల్లీమీటర్లని అర్థం. రెసిస్టర్ లేని ప్లగ్ చవగ్గా దొరికిందని బిగిస్తే మెరుపు పడుతుంది, బండీ నడుస్తుంది. కానీ దాని విద్యుత్ రొద ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్, అంటే ఈసీయూ, లెక్కలను చెడగొట్టగలదు. రెండు ప్లగ్‌ల పల్సర్‌లో ఒకటి మార్చి రెండోది మరిచిపోవడమూ మామూలే. ఇవన్నీ కంటితో, చేతితో తేలే సంగతులు. ఇవి చూడకుండా సెన్సరో ఈసీయూనో మార్చాలంటే వేలల్లో ఖర్చు. ఇంకో మాట: లోపం సరిచేయగానే లైటు ఆరకపోవచ్చు. బండి వరసగా కొన్నిసార్లు సవ్యంగా నడిచాకే చాలా ఈసీయూలు దాన్ని ఆర్పుతాయి.

కంపెనీలు ఈ సమాచారాన్ని దాచుకోవడం కొత్త సంగతి కాదు. విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అది కార్ల కేసు. స్కూటర్, మోటార్‌సైకిల్ మీద బతుకు లాగేవాళ్లకు ఆ వాదన ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఐరోపాలో మోటార్‌సైకిల్ రిపేరు సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్‌లకు ఇవ్వాలని 2013 నాటి 168 నంబరు నిబంధనే చెబుతోంది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసి, వాహన రంగాన్నీ అందులో చేర్చి, ఒక పోర్టల్ తెరిచింది. కంపెనీలు ఇష్టపడి ఇస్తే తీసుకునే సమాచారం కాకుండా, ఇవ్వక తప్పనిదిగా దాన్ని మార్చాలి. అది అసాధ్యమేమీ కాదు. హోండా ఇంధన ఇంజెక్షన్ బళ్లలో లైటు మెరుపులే కోడ్: ఒక పొడవు, రెండు పొట్టి మెరుపులంటే 12, అంటే ఇంజెక్టర్. ఇంత చిన్న పట్టిక యజమాని పుస్తకంలో అచ్చు వేయడానికి అడ్డేమిటి?

బజారులో చవక స్కానర్లు దొరుకుతున్నాయిగా అంటారు. దొరుకుతాయి, కొన్ని బళ్లకు పనిచేస్తాయి కూడా. అయితే పి0తో మొదలయ్యే కోడ్‌లు అందరికీ ఉమ్మడి. పి1తో మొదలయ్యేవి కంపెనీ సొంతం, వాటి అర్థం కంపెనీ చెబితే తప్ప తెలియదు. రోడ్డు పక్క మెకానిక్‌కు శిక్షణ లేదన్న మాటలో కొంత నిజముంది. కానీ సమాచారం అందనివాడు నేర్చుకునేదెలా? వారంటీ ఉన్నంతకాలం కంపెనీ దగ్గరికే వెళ్లాలనడం న్యాయమే. వారంటీ తీరిన బండి రాయ్‌పూర్ నుంచి భద్రాచలం వెళ్తూ కేశ్‌కాల్ ఘాట్‌లో మొరాయిస్తే, పక్క ఊరి మెకానిక్ తప్ప ఎవరు దిక్కు?

అన్నిటికంటే బలమైన అభ్యంతరం కాలుష్యానిది. ఈసీయూ అందరికీ తెరిస్తే దాన్ని తారుమారు చేస్తారని, పొగ పెరుగుతుందని కంపెనీల వాదన. ఈసీయూలో రాత మార్చడం వేరు, ఉన్నది చదవడం వేరు. మొదటిదానికి తాళం ఉండాల్సిందే. రెండోదానికి తాళం వేస్తే జరిగేది వాళ్లు భయపడేదానికి సరిగ్గా వ్యతిరేకం. సిలిండర్‌లో కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, కన్వర్టర్ మితిమీరి వేడెక్కి పాడవుతుంది. ఆ తర్వాత బండి ఎంత తిరిగితే అంత విషం. కోడ్ చదివించుకునే దారి లేనివాడు లైటు మీద నల్ల టేపు అంటించుకుని తిరుగుతాడు. ఉర్లా, సిల్తారా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల మసితో ఇప్పటికే ఊపిరాడని రాయ్‌పూర్‌కు ఈ అదనపు భారం అక్కర్లేదు. పెట్రోలు ద్విచక్ర వాహనాలకు పీయూసీ (కాలుష్య తనిఖీ) కేంద్రాల్లో చూసేది ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ల మోతాదు మాత్రమే. అక్కడే బండి కోడ్ కూడా చదివి, హిందీలోనో తెలుగులోనో దాని అర్థం రశీదు మీద అచ్చు వేసి ఇచ్చే ఏర్పాటు ఛత్తీస్‌గఢ్ రవాణా శాఖ రాయ్‌పూర్‌లో మొదలుపెట్టవచ్చు. కోడ్‌ల పట్టిక ఇచ్చి తీరాలని కేంద్రం కంపెనీలను ఆదేశిస్తే దానికి ఒక స్కానర్, ఒక ప్రింటర్ చాలు.