క్షయరోగులు మందు మానుటయేల?

క్షయకు మందు లేదను కాలము గతించినది. ఆరు మాసములు క్రమముగ మందు మ్రింగిన సామాన్యక్షయ నయమగుచున్నది. ప్రభుత్వ వైద్యశాలలలో ఆ మందు ఉచితము. అట్లయ్యు బద్వేలువంటి మెట్టసీమలో రోగులు నడుమ మానుటకు హేతువేమి?

మూఢత్వమని పట్టణవాసులందురు. మే మంగీకరింపము. రెండు మాసములకే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. నయమైనదని రోగి తలంచుట సహజము. మొండికెత్తిన క్షయ మరల తలయెత్తునని వానికేమి తెలియును? వానలు లేనియేట కూలికై వలసపోవువానికి, పోయినచోటి ప్రభుత్వాసుపత్రిలోను మందు దొరకునని చెప్పువా రరుదు. రిఫాంపిసిన్ వలన మూత్రము ఎఱ్ఱబాఱును. ముందు చెప్పనిచో నెత్తురని బెదరును. ఈ మాట వైద్యునికన్న, అదే మందు మ్రింగి కోలుకొన్న పొరుగువాడు చెప్పిన నెక్కువ నాటును. నేడు రోగులు ఫోనులలో కూటములుగ జేరి ఒండొరులకు ధైర్యము చెప్పుకొనుట మేలే. కాని పసరుమందుల ప్రకటనలును, "ఇక చాలు, మానుము" అను బోధలును ఆ దారినే దూరుచున్నవి.

ఇంటనుండి చికిత్స పొందినవారును శానిటోరియములోనివారివలెనే కోలుకొందురని 1959లో ప్రకటితమైన మదరాసు పరిశోధన చాటెను. ఆరోగ్యవరమువంటి చోట్ల నర్సు చెంతనుండెడిది. ఇంట ఆ పని యెవరిది? 2018లో నెలకు 500 రూపాయలుగ మొదలైన పోషణభృతి 2024 నవంబరునుండి 1000 అయినది. మంచిదే, ధైర్యము చెప్పుటకు మనిషి కావలెను. నయమైనవారిని గ్రామగ్రామమున నెంచి, క్రొత్తరోగుల యిండ్లకు పంపుటకు వైద్యాధికారులు పూనుకొనవలెను. వారి దారిబత్తెము ప్రభుత్వమే భరింపవలెను.