ఛాతీ నొప్పికి వాచీని అడగకండి

మన కాలనీలో అరవై దాటినవాళ్లకూ, వాళ్లకు వాచీలు కొని పంపే పిల్లలకూ ఈ విన్నపం.

నాలుగున్నర గంటలు. మొన్న మన పెద్దాయన ఒకరు గుండెపోటుతో ఇంట్లోనే కూర్చున్న సమయం అది. రాత్రి రెండింటికి ఛాతీ బరువెక్కింది, బనీను తడిసేలా చెమట పట్టింది. డల్లాస్ నుంచి కొడుకు పంపిన వాచీ మీద కుడిచేతి వేలు పెట్టి ముప్ఫై సెకన్లు ఆగారు. ‘సైనస్ రిథమ్’ అని వచ్చింది. గ్యాసే అనుకుని మాత్ర వేసుకున్నారు. మళ్లీ చూశారు, మళ్లీ అదే. ఆరున్నరకు ఆస్పత్రిలో తీసిన ఈసీజీలో గుండె అడుగుభాగం దెబ్బతింటున్నట్టు తేలింది. మనిషి దక్కారు. నాలుగు మెట్లెక్కితే ఇప్పుడు ఆయాసం.

వాచీ పాడైందనుకోకండి. అది చూడగలిగినంతే చూసింది. ఆస్పత్రిలో కాళ్లకూ చేతులకూ క్లిప్పులు పెట్టి, ఛాతీ మీద జెల్లీ రాసి ఆరు చోట్ల రబ్బరు బుడ్డలు అంటించేది ఊరికే కాదు. ఆ పది తీగలతో గుండెను పన్నెండు వైపుల నుంచి చూస్తారు. వాచీ చూసేది ఒక్క వైపే: రెండు చేతుల మధ్య, లీడ్ 1. అడుగుభాగానికి వచ్చిన పోటు ముఖ్యంగా కనిపించేది లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లలో. ముందుగోడది ఛాతీ లీడ్లలో. పన్నెండింట్లో ఒకటి చూసి గుండెకు క్లీన్‌చిట్ ఇచ్చేస్తారా? ‘సైనస్ రిథమ్’ అనేది లయ గురించిన కబురు. రక్తనాళం మూసుకుపోతున్నా లయ చక్కగానే ఉండొచ్చు. గుండెపోటును తాను పట్టుకోలేనని ఆ యాప్‌లోనే రాసి ఉంటుంది. ఎవరు చదివారు? నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోవడమేగా!

ఆ మాటకొస్తే పూర్తి ఈసీజీ కూడా మొదట్లో మామూలుగా రావచ్చు. అందుకే కాసేపాగి మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు.

అప్పుడప్పుడూ దడ వచ్చి, డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి తగ్గిపోయేవాళ్లకు ఈ వాచీ పనికొస్తుంది, కాదనను. కానీ ఛాతీలో నొప్పి, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, చెమట, ఆయాసం ఉంటే దాని జోలికి పోవద్దు. షుగరున్నవాళ్లకు నొప్పి తెలియకుండానే పోటు రావచ్చు. మూసుకున్న నాళం ఎంత త్వరగా తెరిస్తే అంత కండరం మిగులుతుంది. నాలుగున్నర గంటల్లో పోయిన కండరాన్ని ఎంత మంచి ఆస్పత్రైనా తిరిగి తెచ్చిపెడుతుందా?

పిల్లలూ, వాచీ పంపాం కదా అని నిశ్చింతగా పడుకోకండి. రాత్రిపూట ఈసీజీ తీసే దగ్గరి ఆస్పత్రి ఏదో, అంబులెన్స్ ఆలస్యమైతే కారు తీసే పక్కింటివాళ్లెవరో అమ్మానాన్నలతో కాగితం మీద రాయించి ఫ్రిజ్‌కి అంటింపజేయండి.

మీటింగుల్లో చెబుతూనే ఉన్నాను, తలలూపి టీ తాగి వెళ్లిపోతున్నారు. గుండె డాక్టర్ని నేనుంటున్న కాలనీలో ఇలా జరగడం నాకు మింగుడుపడటం లేదు. అర్ధరాత్రి వాచీ పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో పెట్టి ‘ఓకేనా డాక్టరుగారూ?’ అని అడగడం మానండి. నేను నిద్రలేచి అది చూసేలోపు 108 బండి మీ గేటు దగ్గర ఉండాలి.