తూకం ఒక్కటే చాలదు

బల్లి పేరెత్తితే మనవాళ్లు ముందు పంచాంగం తీస్తారు, ఎక్కడ పడితే ఏం ఫలమా అని. నేను చెప్పబోయే బల్లి మీ ఇంటి గోడమీది కాదు. ఆస్ట్రేలియాకు తూర్పున, పసిఫిక్ సముద్రంలోని న్యూకలెడోనియా దీవుల అడవిది. పేరు క్రెస్టెడ్ గెకో. కళ్లపైన చిన్న చిన్న ముళ్లు వెంట్రుకల్లా వరుసగా ఉంటాయి. మూసి తెరిచే రెప్పలు మాత్రం లేవు. నాలుకతోనే కళ్లు తుడుచుకుంటుంది! 1866లో గిషెనో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించాడు. తర్వాత చాలాకాలం కనబడకపోయేసరికి అంతరించిందనే అనుకున్నారు. 1994లో మళ్లీ దొరికింది. ఇప్పుడు అమెరికాలో, ఐరోపాలో ఎన్నో ఇళ్లలో గాజుపెట్టెల్లో పెరుగుతోంది.

పెంచేవాళ్ల మధ్య ఎప్పుడూ నలిగే ప్రశ్న ఒకటుంది. ఆడపిల్లను మగదానితో ఎప్పుడు కలపాలి? గుడ్డులోంచి వచ్చినప్పుడు దాని బరువు సుమారు 2 గ్రాములు. కనీసం 35 గ్రాములు రావాలని అనుభవజ్ఞులు అంటారు. కొందరు 40 దాకా ఆగుతారు. వయసు ఏడాదిన్నర దాటాలని కూడా అంటారు. తూకమూ, వయసూ రెండూ కలిసి రావలసిందేనని నా అభిప్రాయం. పురుగులు ఎక్కువెక్కువగా మేపి ఏడాదిలోనే 35 గ్రాములు తెప్పించామనుకోండి. ముల్లు ఆ అంకె చూపిస్తుంది, నిజమే. కాని అందులో ఎముక ఎంత, కొవ్వు ఎంత? త్రాసు చెప్పదు కదా!

ఎముక సంగతి ఎందుకంటారా? జత కట్టిన ఆడగెకో నెలకో, నెలన్నరకో రెండేసి గుడ్ల చొప్పున నెలల తరబడి పెడుతుంది. మగదాన్ని వేరు చేసినా వెంటనే ఆగదు. వీర్యాన్ని ఒంట్లో దాచుకోగలదు మరి. ప్రతి గుడ్డుకూ కాల్షియం కావాలి. నోటి పైకప్పు వెనుక రెండు తెల్లని సంచుల్లో దాని నిల్వ ఉంటుంది. అవి ఖాళీ అయితే తల్లి ఎముకలే కరుగుతాయి. దవడ మెత్తబడుతుంది, వెన్ను వంగిపోతుంది, కాళ్లు వణుకుతాయి. ఒక్కొక్కసారి గుడ్డు బయటికి రాక ప్రాణమే పోతుంది. తానే ఇంకా ఎదుగుతున్న పిల్ల మీద ఈ భారం మోపడం న్యాయమా?

"అడవిలో త్రాసు ఎవరు పట్టారండీ?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కాని అడవిలో మగది వెంటపడితే ఆడది మరో చెట్టెక్కి తప్పించుకోగలదు. గాజుపెట్టెలో ఎక్కడికి పోతుంది? అందుకే ఎదిగేదాకా విడిగా ఉంచాలి. పండ్లతో చేసిన పొడి మేతను నీళ్లలో కలిపి పెట్టాలి. అప్పుడప్పుడు కీచురాళ్లకు కాల్షియం పొడి అద్ది వేయాలి. వేడి 22 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే హాయి. 28 దాటితే తట్టుకోలేదు. దీని తోక ఊడితే మళ్లీ మొలవదు. కనుక మొండితోకదాన్ని తూచేటప్పుడు ఆ కాస్తా మినహాయించుకోవాలి.

గుడ్లు పెట్టిన తర్వాత ఏటా కొన్ని నెలలు విశ్రాంతి ఇస్తే ఖాళీ అయిన సంచులు మళ్లీ నిండుతాయి. ఈసారి మీ గోడమీద ఆడబల్లి కనిపిస్తే చీపురు తీయకుండా కాసేపు చూడండి. మెడకు రెండు పక్కలా తెల్లగా ఉబ్బి ఉంటే, అదీ ఇలాంటి నిల్వే.