పడావు భూమి అంటే ఖాళీ భూమి కాదు
మన ఊళ్లల్ల పోడు కొన్నేళ్లు పండించి పడావు పెడతాం, భూమికి బలం రావాలి కదా. సర్వేకొచ్చినోళ్లకు పొదలు కనబడితే చాలు, 'సాగులో లేదు' అని రాసేస్తారు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికి నిజంగా స్వాధీనంలో ఉన్న భూమికి, 4 హెక్టార్లకు మించకుండా హక్కు ఇస్తుంది. స్వాధీనమంటే ఏటా దున్నడమేనా? మేమైతే ఒప్పుకోం. 2013 భూసేకరణ చట్టం 101వ సెక్షన్ చూడండి. సేకరించిన భూమి 5 ఏళ్లు వాడకుంటే అప్పుడు వెనక్కి ఇవ్వాలట, అదీ సొంతదారుకో, లేదంటే సర్కారు ల్యాండ్ బ్యాంకుకో! తీసుకున్నోళ్లకు 5 ఏళ్ల గడువు, మనకు మాత్రం పొద మొలవొద్దా? గ్రామసభలో క్లెయిమ్ ఫారం నింపేటప్పుడు పడావు చెలకను కూడా చేర్చండి. పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని రూల్స్‌లోనే ఉంది, రాతపూర్వకంగా జతచేయండి.